పదకొండో తెప్ప

నాందేడ్ అవతల, మురికి కాల్వ చెర్వుల కలిసే కాడికి పొద్దూకినంక ఎవ్వరు పోరు. ఆడ నీళ్ల మీద తెప్పలుంటయి. తెప్పల మీద మెట్టతామరలు, వట్టివేళ్ల గడ్డి పెంచుతరు. వాటి ఏర్లు కిందికి గజమంత దిగి మురికినంత తాగుతయి. తేటబడ్డ నీళ్లు తూముల నుంచి గోదారికి పోతయి. మంచి పనే... కాని పదకొండో తెప్ప పేరెత్తితేనే జనం జడుస్తరు. గాలి లేకున్నా రాత్రిపూట అది దానంతటదే నడుస్తదంటరు.

రెండు నెలల కింద, కుండపోత వానల, ఆ తెప్ప తాడు బిగించబోయి, తెప్పల మీద పనిచేసే ఉమాకాంత్ నీళ్లల్ల పడ్డడు. మూడు రోజులు పడవలేసి ఎతికిండ్రు. దొరకలే. గోదాట్ల కొట్టుకపోయిండన్నరు.

శవం లేదు, దినం లేదు. పెండ్లాం సారిక బొట్టు తుడుసుకోలేక, పెట్టుకోలేక సగం పిచ్చిదైంది. సర్ఖని ఊరి నుంచి అచ్చిన మామ, ఉమాకాంత్ తండ్రి నర్సన్న, మాట్లాడుడే బంజేసిండు.

ఆ సాయంత్రం చెర్వు కావలి కిషన్‌రావు ఇంటికచ్చిండు.

"రేపు తూముకున్న ఇనుప జాలి ఎత్తుతరు వదినా. అడుగున ఏమున్నా గోదాట్లకే ఇగ."

మూలకు కూసున్న నర్సన్న ఒక్కసారి తలెత్తిండు, మల్ల దించుకున్నడు.

సారిక బిడ్డను పక్కింట్ల పండవెట్టి, టార్చి పట్టుకొని, ఎవ్వరికీ చెప్పకుంట బయలెల్లింది. దయ్యమైనా సరే... ఒక్కపారి కనవడితే చాలు. ఏడున్నవని అడగాలె.

చెర్వు కాడ కప్పలు సుత అరుస్తలేవు. ఆకు కదుల్తలేదు.

అంతల్నే — పదకొండో తెప్ప జరిగింది. మెల్లగ... తూము దిక్కు.

దాని ఎన్క, నీళ్లల్ల, ఒక తలకాయ.

సారిక టార్చి అటు తిప్పింది. "ఏమయ్యా..." అన్నది గుసగుసగ.

తల ఇటు తిరిగింది. టార్చి ఎలుగుల తెల్లటి గడ్డం, గుంటలు పడ్డ కండ్లు — నర్సన్న.

"మామా... నువ్వా?"

"దా బిడ్డా."

భయమంత పోయి ఏడుపచ్చింది ఆమెకు. చీర దోపుకొని దిగింది. ఇద్దరు తెప్ప అంచు పట్టుకొని పోయిండ్రు. తూము గోడకు తాకి తెప్ప ఆగింది. మల్ల జరుగలే.

నర్సన్న కాలికి ఏదో తగిలింది. ముక్కు మూసుకొని మునిగిండు. లేసేటాల్లకు పిడికిట్ల చినిగిన నారింజ జాకెట్ ముక్క. దాని జేబు మీద సారిక చేత్తో ఏసిన కుట్టు.

"జాలికి తట్టుకొని... ఈడనే ఉన్నడు బిడ్డా."

ఇద్దరు తెప్ప మీద తల పెట్టి చానసేపు ఏడ్చిండ్రు. ఏడ్చి ఏడ్చి సారిక అడిగింది, "రెండు నెలల సంది రోజు రాత్రి నువ్వే నూకుతున్నవా మామా? నాకొక్క మాట చెప్పకపోతివి."

నర్సన్న ఆమె దిక్కు ఎర్రిగ చూసిండు.

"నేను దిగింది ఇయ్యాల్నే బిడ్డా. నాకు ఈత రాదు..."

నీళ్ల మీద నిలవడ్డ తెప్పను చూసి, గొంతు తగ్గించి అన్నడు —

"నేను నూకలే. అదే నన్ను గుంజుకచ్చింది."