ఆపమన్న పాట

ఆ ఇంట్లో రోజూ కుక్కర్ కూతతోనే తెల్లవారేది. కనకలక్ష్మి స్టవ్ తగ్గించి, రెండు క్యారేజీలు సర్ది, ఒకటి తన సంచిలో పెట్టుకుని రెండోది భర్త చేతికి అందించింది.

“ఇవాళ మాదాపూర్ వైపు పని. ఆలస్యం కావచ్చు,” అన్నాడు భీమేశ్వరరావు షూ లేసు కట్టుకుంటూ.

“సరేనండి.”

“గ్యాసు బుక్ చేశావా?”

“నిన్ననే చేశానండి.”

రెండేళ్ళుగా వాళ్ళ మధ్య మాటలు అంతే. గ్యాసు, పాలు, కరెంటు బిల్లు. పాలకొల్లు నుంచి బదిలీ మీద వచ్చి, చందానగర్‌లో సీతాబాయి ఇంటి మేడ మీద వాటా తీసుకున్నప్పుడు వాళ్ళు ముగ్గురు. ఆ ఏడాదే వానాకాలంలో మెదడువాపు జ్వరం వచ్చి ఏడేళ్ళ రసజ్ఞ నాలుగు రోజుల్లో పోయింది.

అంతకుముందు ఆ ఇల్లు ఇలా ఉండేది కాదు. కనకలక్ష్మి పెళ్ళికి ముందే సంగీతంలో డిప్లొమా చేసింది. కూతురికి జడ వేస్తూ ఒక ముక్క పాడేది, పిల్ల అద్దంలో తల్లిని చూస్తూ అదే ముక్క తిరిగి పాడేది. పదకొండో రోజు అయ్యాక ఆమె హార్మోనియం పెట్టెకి పాత చీర చుట్టి అటక ఎక్కించింది. మళ్ళీ నోరు తెరిచి పాడలేదు. ఎందుకని అతనూ అడగలేదు. పిల్ల లేని ఇంట్లో పాటేమిటి అనుకున్నాడు. ఆ మౌనాన్ని ఇద్దరూ కలిసి మోస్తున్న బరువు అనుకున్నాడు.

కిందటేడు, “కొండాపూర్ దగ్గర ప్రైమరీ స్కూల్లో గుమాస్తా పని ఉందిట, వెళ్ళనా?” అని ఆమె అడిగితే, ఇంట్లో ఒంటరిగా కూర్చునే కంటే నయమని ఒప్పుకున్నాడు. స్కూలు పేరు వినడమే తప్ప అటువైపు ఎప్పుడూ వెళ్ళింది లేదు.

భీమేశ్వరరావు టెలిఫోన్స్‌లో లైన్ ఇన్‌స్పెక్టరు. మాదాపూర్, కొండాపూర్ వైపు బండలు పగలగొట్టి అద్దాల మేడలు లేపుతున్నారు కదా, వాటికి కేబుల్ వెయ్యాలి. ఆ రోజు కూలీలు రోడ్డు వారగా తవ్వుకుంటూ తవ్వుకుంటూ పదిన్నరకి ఒక పసుపు రంగు ప్రహరీ దాకా వచ్చారు. గడ్డపారకి రాయి తగిలి పని ఆగింది. సమ్మెట తేవడానికి ఒకడు వెళ్ళాడు.

గడ్డపార చప్పుడు ఆగగానే గోడ అవతల పాట వినబడింది.

ముందు పిల్లలు. ముప్పై నలభై గొంతులు, తలో దారిన. తరవాత ఒక్క గొంతు, వాళ్ళ తప్పు సరిచేస్తూ అదే పంక్తిని నెమ్మదిగా పాడింది. భీమేశ్వరరావు చేతిలోని కొలత టేపు సర్రున లోపలికి చుట్టుకుపోయింది. ఆ గొంతు అతనికి తెలుసు.

రాళ్ళ కుప్ప ఎక్కి చూశాడు. రేకుల షెడ్డులో రెండో తరగతి పిల్లలు. వాళ్ళ మధ్య కనకలక్ష్మి.

“అరవకండర్రా! అరిస్తే పాట భయపడి పారిపోతుంది. నా చెయ్యి చూడండి. చెయ్యి పైకెళ్తే గొంతు పైకి, కిందికొస్తే కిందికి. ఏదీ, మళ్ళీ!”

శ్రుతి అందని పిల్ల ఒకతి బిక్కమొహం పెడితే, దాన్ని తన పక్కకి లాక్కుని నిలబెట్టుకుంది. దాని వీపు మీద చిన్నగా తాళం వేస్తూ పాడించింది. పిల్ల గొంతు అందుకోగానే కనకలక్ష్మి నవ్వింది. రెండేళ్ళలో అతను చూడని నవ్వు.

రాళ్ళ కుప్ప దిగి సమ్మెట వచ్చేదాకా ఎండలోనే నిలబడ్డాడు. తరవాత మేస్త్రీకి పని అప్పజెప్పి ఇంటికి వచ్చేశాడు.

నాలుగున్నరకి కనకలక్ష్మి తలుపు తీసేసరికి అతను కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

“అదేమిటండీ, ఒంట్లో బాగాలేదా?”

“బాగానే ఉంది. ఇవాళ ఆఫీసులో పనేమిటి?”

“ఎప్పటిలాగే. ఫీజు రసీదులు, రిజిస్టర్లు.”

“తాళం కూడా రిజిస్టర్లోనే వేస్తారా?”

ఆమె చేతిలో సంచి అలాగే ఆగిపోయింది.

“గోడ అవతలే ఉన్నాను కనకం. విన్నాను, చూశాను. ఎవరి పిల్లనో దగ్గరికి లాక్కుని నవ్వుతున్నావు. రెండేళ్ళు! ఈ ఇంట్లో ఒక్క కూనిరాగం వినలేదు నేను. నువ్వూ నాలాగే చచ్చి బతుకుతున్నావనుకున్నాను. నీకు గొంతు ఎలా పెగిలింది? మన పిల్లని అంత తొందరగా ఎలా మరిచిపోయావు?”

“మరిచిపోయానా?” కనకలక్ష్మి సంచి కింద పెట్టింది. “మరిచిపోయింది మీరండీ.”

“నేనా?”

“ఆసుపత్రిలో మూడో రోజు. మీరు డాక్టరు గదిలో ఉన్నారు. అప్పటిదాకా కళ్ళు తెరవని పిల్ల, తెరిచి పాట పాడమంది. నేను మెల్లిగా మొదలుపెట్టాను. మీరు వచ్చి గుమ్మంలో నిలబడి ఏమన్నారో గుర్తుందా?”

అతనికి గుర్తు లేదు.

“‘ఆపు! పిల్ల చచ్చిపోతుంటే పాటలా? నువ్వసలు తల్లివేనా?’ అన్నారు. వార్డంతా తిరిగి చూసింది. మీరు మందుల చీటీ పట్టుకుని వెళ్ళిపోయారు. అది మళ్ళీ అడిగింది. రెండుసార్లు అడిగిందండీ. నేను దాని నోటి మీద చెయ్యి పెట్టి, ‘నాన్నగారు తిడతారు, పడుకో తల్లీ’ అన్నాను. పడుకుంది. మళ్ళీ లేవలేదు.”

కింద వీధిలో కూరల బండివాడి కేక వినిపించి దూరమైంది. 

“దాంతో నేనన్న ఆఖరి మాట అదీ. ఈ ఇంట్లో పాడదామని నోరు తెరిస్తే మీ కేకే వినిపిస్తుంది నాకు. స్కూల్లో నిజంగా గుమాస్తా పనికే చేరాను. పాటలు చెప్పే ఆవిడ మధ్యలో మానేసింది. ఒకరోజు రెండో తరగతి గోల చేస్తుంటే ఊరుకోబెట్టడానికి వెళ్ళాను. ఒక పిల్ల నా కొంగు పట్టుకుని, ‘టీచర్, పాట పాడరా?’ అంది. రెండోసారి కాదనడం నావల్ల కాలేదండీ. మీతో చెప్పలేదు, తప్పే. చెబితే మళ్ళీ ఆపమంటారని భయం.”

భీమేశ్వరరావు లేచి బయటికి వచ్చి మేడ మెట్ల మీద కూలబడ్డాడు. జ్ఞాపకం కోసం వెతికాడు. డాక్టరు బల్ల మీది పచ్చ గాజు పేపర్‌వెయిట్, ‘ఇక మా చేతుల్లో లేదండీ’ అన్న మాట, ఫినాయిలు వాసన, పొడుగాటి వరండా. ఆ వరండా చివర ఏముంది? వార్డు గుమ్మం, లోపల ఒక మంచం. పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి కనకలక్ష్మి సన్నగా పాడుతోంది. ఎవరో అరిచారు. ఆ అరిచిన గొంతు తనదే.

చీపురు పట్టుకుని వచ్చిన సీతాబాయి అతన్ని చూసి ఆగింది.

“ఏంది సారూ, గిట్ల మెట్ల మీద కూసున్నవ్? పానం బాగలేదా?”

అతని భుజాలు కదిలిపోతున్నాయి. ఆమె చీపురు గోడకి ఆనించి, కింది మెట్టు మీద కూర్చుంది.

“ఏడ్వు సారూ, ఏం గాదు. బిడ్డ పోయినప్పటి సంది మీరిద్దరు ఏడ్వంగ నేనెన్నడు చూడలే. గామె పొయ్యి కాడ, నువ్వు పేపర్ కాడ. ఒక్క ఇంట్ల ఉండుకుంట గట్లెట్ల ఉన్నరో అని నేనే పరేషాన్ అయితుంటి. పో, లోపల్కి పో. నా ముంగట కాదు, ఆమె ముంగట ఏడ్వు.”

లోపలికి వెళ్ళాడు. వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడి, “కనకం, ఆ మాట నేనన్నాను. గుర్తొచ్చింది,” అన్నాడు. “నన్ను...”

“క్షమించమని మాత్రం అడగకండి,” అంది ఆమె అటు తిరిగే. “అది ఇంకా నాకు చేతకాదు.”

ఆ తరవాత మూడు రోజులూ గ్యాసు, పాలు అన్న మాటలు కూడా లేవు. శనివారం పొద్దున మాత్రం అతను క్యారేజీ అందుకుంటూ, “దింపుతాను రా,” అన్నాడు. స్కూటరు మీద స్కూలు దాకా తీసుకెళ్ళాడు. గేటు దగ్గర పిల్లలు “పాట టీచర్!” అని మూగితే అతను తల వంచుకుని బండి తిప్పుకున్నాడు.

ఆదివారం పొద్దున కనకలక్ష్మి వరండాలో బియ్యం ఏరుతోంది. అతను వచ్చి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

“ఆ రోజు ఏం పాట పాడావు?”

ఆమె చేట కదిలించడం ఆపింది. “ఎందుకండీ ఇప్పుడు?”

“నేను అరిచాను కానీ వినలేదు.”

ఆమె చేటలోకి చూస్తూ చెప్పింది. “ఎవరూ రాసింది కాదు. జడ వేసుకుంటూ అదీ నేనూ కట్టుకున్నాం. మీ మీదే. సాయంత్రం మీ స్కూటరు చప్పుడు వినబడితే పాడేది. ఆసుపత్రిలో కూడా ‘నాన్నేరీ?’ అంటూనే లేచి ఆ పాటే అడిగింది. వస్తున్నారే అని అదే ఎత్తుకున్నాను. అప్పుడే మీరు వచ్చారు.”

అతను రెండు చేతుల్లో మొహం కప్పుకున్నాడు. పిల్ల పిలిస్తే వచ్చాడు. వచ్చి ఆ పిలుపునే ఆపేశాడు. ఏడుస్తూనే అడిగాడు.

“నాకు నేర్పు.”

“మీకు పాటలు రావుగా.”

“రెండో తరగతి పిల్లలకి వచ్చా? వాళ్ళకి నేర్పుతున్నావుగా.”

కనకలక్ష్మి చేట పక్కన పెట్టింది. పెదవులు కదిలాయి గానీ మొదట శబ్దం రాలేదు. మాటలు మాత్రం విడివిడిగా చెప్పింది.

“నాన్న స్కూటరు వస్తోందీ, సందు మలుపు తిరిగిందీ...”

అతను అందుకున్నాడు. ఎక్కడో మొదలై ఎక్కడో తేలాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. మళ్ళీ అన్నాడు. మళ్ళీ తప్పే. మూడోసారికి ఇక ఊరుకోలేక ఆమే ఎత్తుకుంది.

“గేటు తియ్యవే, గేటు తియ్యవే...”

రెండేళ్ళ తరవాత ఆ గోడల మధ్య ఆ గొంతు. ముందు బొంగురుగా, తరవాత తేటగా. అతను వెనకే పాడాడు. గేటు తియ్యడానికి పరిగెత్తే మనిషి ఇంట్లో లేదని ఇద్దరికీ ఒక్కసారే తట్టింది. అతను పాడడం ఆపేశాడు. ఆమె కూడా ఆగింది. అతని భుజం మీద తల ఆనించి, రెండేళ్ళుగా ఏడవని ఏడుపంతా ఏడ్చింది.

చాలాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని లేచి, చేట చేతిలోకి తీసుకుంది.

“ఇంకో పంక్తి ఉంది,” అంది. “రేపు చెప్తాను. ఇవి రెండూ బాగా వల్లించండి.”