కళ్ళల్లో వత్తులు

ఎనభై మూడు జూలై. వాన పడితే ఢిల్లీ బస్సులు ఈదుకుంటూ వెళ్ళే రోజులు. ఇప్పుడు తలుచుకుంటే ఆ బురద కూడా ముద్దొస్తుంది.

అలాంటి వానలో, నర్సింగ్ చదువుతున్న ఫ్లోరా మండీ హౌస్ దగ్గరి కళా ట్రస్టు ఆఫీసులోకి వచ్చింది. చేతుల్లో దుప్పటి చుట్టిన బొమ్మలు. తను నిలువునా తడిసింది గానీ బొమ్మల్ని తడవనివ్వలేదు.

కలలో చూసినట్టు వింతగా ఉండే సర్రియలిస్టు చిత్రాల్ని కాపాడేందుకు ఆ ట్రస్టు అవార్డులిస్తోంది. ఫ్లోరా వాళ్ళ నాన్న సాలొమోను ఆస్పత్రిలో కాంపౌండరు, తీరిక దొరికితే బొమ్మలేసేవాడు. ఆయన పోయాక, ఆ బొమ్మలు ఆస్పత్రి క్వార్టర్స్ చెమ్మకి బూజు పట్టాయి. అవార్డొస్తే బాగుచేయించొచ్చు. రాకపోతే ఇంకో వానాకాలం దాటవు.

అర్జీలు చూసే దశరథ్ ఢిల్లీలోనే పుట్టి పెరిగిన తెలుగువాడు. మొదటి బొమ్మ విప్పాడు. బస్టాపులో ఒక మనిషి కూర్చున్నాడు. ఒక్కో కంట్లో ఒక్కో దీపం వెలుగుతోంది.

"అచ్ఛా, యుద్ధం మీద కోపం. కళ్ళు మండిపోతున్నాయి. ప్యూర్ పారిస్ స్టైల్," అన్నాడు గొప్పగా.

ఫ్లోరాకి ఒళ్ళు మండింది. "పారిస్ దాకా ఎందుకండీ, మా నాన్న ఆగ్రా కూడా చూళ్ళేదు. అమ్మ డ్యూటీ దిగి వచ్చేదాకా కళ్ళల్లో వత్తులేసుకుని ఎదురుచూసేవాడు. అదే వేశాడు."

"సచ్? తెలుగులో అలా అంటారా?"

"మీ ఇంట్లో తెలుగు మాట్లాడరా?"

"అమ్మ తెలుగులో తిడుతుంది. నేను హిందీలో ఊరుకుంటాను."

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. దశరథ్ ఆ నవ్వుకే పడిపోయాడు. మిగతా బొమ్మలు అర్థం చేసుకోవడానికి నాలుగుసార్లు పిలిపించాడు. అంత అవసరం లేదని ఇద్దరికీ తెలుసు.

కమిటీ రోజున పెద్దాయన పెదవి విరిచాడు. "వాడుక మాటలకి బొమ్మలేస్తే సర్రియలిజం ఎలా అవుతుంది?"

ఫ్లోరా మొహం వాడిపోయింది. దశరథ్ లేచాడు. ఉద్యోగం గుర్తుకే రాలేదు. "సార్, మిగతావాళ్ళు కలలు కని ఇలాంటివి వేశారు. మా తెలుగువాళ్ళు మెలకువగా ఉండి, టీ తాగుతూ ఇలాంటివే మాట్లాడుకుంటారు. ఆ సంగతి మొదట చూసింది ఈ కాంపౌండరే."

పెద్దాయన బొమ్మని మళ్ళీ దగ్గరికి తీసుకుని చాలాసేపు చూశాడు. అవార్డు సాలొమోను పేరు మీదే వచ్చింది.

బయట వాన వెలిసింది. బెంగాలీ మార్కెట్లో చాయ్ తాగుతుంటే దశరథ్ గొంతు సవరించుకున్నాడు. "ఫ్లోరా గారూ, నా గుండెల్లో రైళ్ళు పరిగెడుతున్నాయి."

"ప్రేమకి అలా అనరండీ. అది భయానికి," అంది, తల దించుకునే.

"తెలుసు. అమ్మనడిగి నేర్చుకున్నాను. మీరు కాదంటారేమోనని భయమే."

ఫ్లోరా చాయ్ గ్లాసు కింద పెట్టింది. తర్వాత మెల్లగా అంది.

"ఆదివారం ప్రార్థన అయ్యాక ఇంటికి రండి. మా అమ్మ ముందు కూర్చుంటే తెలుస్తుంది, అసలు రైళ్ళెలా పరిగెడతాయో."