ఎంత దూరం నడవాలత్తా?

పెళ్లిచూపుల్లో భారతిని చూడటానికి కుప్పం నుంచి పుంగనూరు బయల్దేరుతూ నేను కొత్త బూట్లు వేసుకున్నాను. అదెంత బుద్ధితక్కువ పనో సాయంత్రానికి గానీ తెలియలేదు.

కాఫీ తెచ్చిన అమ్మాయి కుంటుతోంది. కుంటుతూనే నన్ను సూటిగా చూసింది. నాకు ఆ చూపు తప్ప ఇంకేమీ కనబడలేదు. మా అమ్మ నంజమ్మకు మాత్రం ఆ కాలే కనబడింది. లేచి వెళ్లిపోదామని నా చెవిలో గొణిగింది.

భారతి నాన్న పాపయ్య కంగారుగా సర్దిచెప్పాడు. భారతి మదనపల్లెలో ఒక ఆస్పత్రి ల్యాబులో పనిచేస్తుంది. డయాలసిస్ కోసం పల్లెల నుంచి బస్సులు మారి వచ్చే పేషెంట్లకు ఒక వ్యాన్ కొనాలని స్నేహితులతో కలిసి చందాలు పోగుచేస్తోంది. అందుకోసమే వచ్చే నెల హిమాలయాల్లో, మనిషి జాడ లేని కొండల్లో ట్రెక్, అంటే రోజుల తరబడి కాలినడక; నడిచిన ప్రతి కిలోమీటరుకూ ఇంతని దాతలు చందా ఇస్తారు. కొత్త ట్రెక్ బూట్లు అలవాటు కావాలని రోజూ వేసుకుని తిరుగుతుంటే మడమ బొబ్బలెక్కింది. అంతే.

అమ్మ నమ్మలేదు. పెళ్లిచూపుల పాత పద్ధతి బయటికి తీసింది.

"కొంచెం నడిసి సూపించమ్మా."

నాకు తల కొట్టేసినట్టయింది. భారతి మాత్రం నవ్వింది.

"ఎంత దూరం నడవాలత్తా?"

అంటూనే పట్టుచీర మీదే బూట్లు తొడిగి, బరువు మోయడం అలవాటు కావాలని రాగులు నింపి పెట్టుకున్న బ్యాగు వీపుకు తగిలించుకుని వీధిలోకి దిగింది. నేనూ గబగబా నా బూట్లు తొడుక్కుని వెంటపడ్డాను. ఎంత బాగుందో ఆ పిల్ల, ఆ బ్యాగుతో, ఆ బూట్లతో!

ఊరవతల గుట్ట సగం ఎక్కేసరికి నాకు ఆయాసం వచ్చింది. చినుకులు మొదలయ్యాయి. ఆమె ఆగి నీళ్ల బాటిల్ అందించింది.

"ట్రెక్ మానుకోమంటే మానుకోను. ఈ సంబంధం పోయినా సరే. ముందే చెప్తాండాను."

"మానుకోవద్దు," అన్నాను ఎగరొప్పుతూ. "మీరు నాకు శానా నచ్చినారు."

"ఆయాసం తగ్గినాక ఇంకోసారి చెప్పండి."

దిగేటప్పుడు నా కొత్త బూట్లు నా పని పట్టాయి. తడిసి ముద్దయి ఇల్లు చేరేసరికి ఇద్దరం కుంటుతున్నాం, ఆమెకన్నా నేనే ఎక్కువ. బ్యాగు ఇంకా ఆమె వీపు మీదే ఉంది. ఆమె చెయ్యి మాత్రం నా మోచేతి కింద ఉంది.

గడపలో నిలబడ్డ అమ్మ నా కాళ్లవంక చూసింది, ఆమెవంక చూసింది. తర్వాత పాపయ్యవైపు తిరిగింది.

"పాపకేం తక్కువన్నా, బాగుండాది. కొండలెక్కి వచ్చినాకే ముహూర్తం పెట్టుకుందాం. మావాడి నడక సూసినారు గదా, మీకు ఇష్టమేనా?"

పాపయ్య కూతురివంక చూశాడు. కూతురు నావంక చూసింది.

అప్పటికి నా ఆయాసం తగ్గింది. అందరి ముందూ ఇంకోసారి చెప్పాను.