ఇరవై రెండు మీటర్ల పైపు

ఇళ్ళకు ఇంటర్నెట్ వైరు లాగడం నా పని. అంతకుముందు టెలిఫోన్ వైరు లాగేవాణ్ణి. దానికి ముందు ఆ వైర్ల కోసం మట్టి తవ్వేవాణ్ణి. లోకం మారిపోయిందంటారు గాని, నా మట్టుకు మారింది వైరు లావు ఒక్కటే. అప్పుడు చిటికెన వేలంత ఉండేది, ఇప్పుడు చీపురుపుల్లంత ఉంటోంది. ఎక్కే మెట్లు మాత్రం అవే.

ముప్ఫై ఏళ్ళు నేనూ మా తోడల్లుడూ కలిసి పనిచేశాం. అతను ఆరడుగుల మనిషి. వాళ్ళన్నలు ఇంకా పొడుగు కాబట్టి ఇంట్లో పొట్టి అన్న పేరు స్థిరపడిపోయింది. నేను పై అంతస్తులో నిలబడి గోడలో ఉన్న పైపులోకి వైరు దింపేవాణ్ణి. పొట్టి కింద, అన్ని ఇళ్ళ లైన్లూ కలిసే పెట్టె దగ్గర కూచుని అందుకునేవాడు. ఫోన్లో అరుచుకోవడం మాకు అలవాటు లేదు. వైరు ఎక్కడైనా ఇరుక్కుంటే నేను రెండుసార్లు గుంజేవాణ్ణి, ఉన్నావా అని. అతను రెండుసార్లు గుంజేవాడు, ఉన్నాను వదులు అని. ఇంటి దగ్గర కూడా మేం ఇంతకన్నా ఎక్కువ మాట్లాడుకున్నది లేదు. మా ఆవిడా వాళ్ళ చెల్లెలూ కలిసి మా ఇద్దరి వంతూ మాట్లాడేసేవాళ్ళు.

అయిదు నెలల కిందట పొట్టి ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు.

ఆఫీసువాళ్ళు ఇంకో మనిషిని జత చేస్తామన్నారు. అక్కర్లేదు, ఒక్కణ్ణే చేసుకుంటానన్నాను. మొండితనమే, ఒప్పుకుంటాను. కొత్త మనిషికి అన్నీ మొదటినుంచి అలవాటు చేసే ఓపిక నాకు లేదు. కానీ ఒక్కడే చేయాలంటే ఒక్కో ఇంటికి ఎన్నిసార్లు ఎక్కి దిగాలో లెక్కే ఉండదు. నేను చెప్పబోయే రోజుకి ముందు వారం మూడు ఇళ్ళు సగంలో వదిలేసి వచ్చాను. సూపర్‌వైజరుకి నా కొడుకు వయసుంటుంది. మంచివాడే. ఆ రోజు పొద్దున్న పిలిచి, ఇవాళ నీకు ఒకటే ఇల్లు పెద్దాయనా అన్నాడు. సాయంత్రం అయిదుకల్లా లైను నడవాలట, ఇంటివాళ్ళ సంతకం తన బల్ల మీద ఉండాలట, లేకపోతే సంచీ ఇచ్చేసి ఇంట్లో కూచోవాలట. సంచీ అంటే పనిముట్ల సంచీ. అది భుజాన లేని రోజు నేను ఒక పక్కకి ఒరిగి నడుస్తానని మా ఆవిడ ఎగతాళి చేస్తుంది.

ఇల్లు నాలుగో అంతస్తులో. లిఫ్టు పనిచేయదని కాగితం అంటించారు, ఆ కాగితం కూడా పాతబడి పసుపు రంగుకి తిరిగింది. మధ్యాహ్నం రెండున్నర అయినా బయట ముసురు, మెట్ల మీద చీకటి. మామూలుగా ముందు కింద పెట్టె చూసుకుని పైకెక్కాలి. ఆ పని ఎప్పుడూ పొట్టి చూసుకునేవాడు. ఆ రోజు నాకది తట్టనే లేదు. నాలుగుచోట్ల ఆగి, గోడలు పట్టుకుని, నేరుగా పైకే వెళ్ళాను.

బెల్లు మీద వేలు పెట్టేలోపే తలుపు తెరుచుకుంది. ఇంటావిడ నోటికి అడ్డంగా వేలు పెట్టుకుని నిలబడింది. మెడలో హెడ్‌ఫోను వేలాడుతోంది. కళ్ళ కింద నల్లగా ఉంది.

"బెల్లు కొట్టకండి బాబాయ్," అంది గుసగుసగా. "ఇప్పుడే పడుకున్నాడు. రాత్రంతా నిద్ర లేదు, వాడికీ లేదు, నాకూ లేదు."

తొమ్మిది నెలల పిల్లాడట. స్పూను కింద పడినా లేస్తాడట. భర్త రెండో షిఫ్టుకి వెళ్ళాడు. ఆవిడ ఇంట్లోనే కూచుని ఏదో కంపెనీకి వచ్చే ఫోన్లకి జవాబు చెప్తుంది. పాత లైను వంద స్పీడని ఇచ్చారు గాని నాలుగు దాటడం లేదని, తన మాట ముక్కలు ముక్కలుగా వెళ్తోందని, అవతలివాళ్ళు విసుక్కుని పెట్టేస్తున్నారని, అంతా గుసగుసగానే చెప్పుకొచ్చింది. రౌటర్ ఎక్కడ పెట్టారమ్మా అంటే వంటింట్లో పెద్ద స్టీలు డబ్బా వెనక చూపించింది. దుప్పటి ముసుగేసి పాట పాడించినట్టుంది, స్పీడు ఎక్కణ్ణుంచి వస్తుందన్నాను. నవ్వబోయి, నవ్వే ఓపిక కూడా లేనట్టు సగంలో ఆపేసింది. మోడెం, రౌటర్ రెండూ ఎందుకని అడిగింది. మోడెం వీధి గుమ్మం లాంటిదమ్మా, బయటి నుంచి వచ్చేదాన్ని లోపలికి రానిస్తుంది, రౌటర్ దాన్ని గదిగదికీ తిప్పుతుంది అని చెప్పాను. తలూపి, వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరకి వేసుకుంది.

పైపు నోరు పిల్లాడి గదిలో ఉంది. వాడు పడుకున్న తొట్టి వెనక, నేలకి మూరెడు ఎత్తులో. కర్టెన్లు వేసి ఉన్నాయి. పాల వాసన, పౌడరు వాసన. పిల్లిలా వెళ్ళి గోడ వారగా కూలబడ్డాను. పైపు మూత తీస్తే లోపల్నుంచి చల్లగాలి మొహానికి తగిలింది. తడిసిన సున్నం వాసన. పాత భవనాల్లో మామూలే.

ఆ పైపు గోడ లోపలే దిగి, మెట్ల కింద గదిలో పెట్టె పక్కన తేలుతుంది. ఇలాంటి భవనాలు ఎన్నో చేశాను. నాలుగు అంతస్తులకి ఇరవై రెండు మీటర్లు, అటో ఇటో. నా దగ్గర రెండు వందల యాభై మీటర్ల నల్ల వైరు చుట్ట ఉంది. దాని మీద మీటరుకొక అంకె అచ్చువేసి ఉంటుంది. నలభై దాటాక రాత్రి బడిలో అక్షరాలూ అంకెలూ దిద్దుకున్నవాణ్ణి, అచ్చులో ఏది కనబడినా చదవకుండా ఉండలేను. ఒకటి, రెండు, మూడు అని లోలోపల చదువుకుంటూ దింపాను.

పదకొండు దగ్గర ఇరుక్కుంది.

తిప్పి చూశాను. వెనక్కి లాగి మళ్ళీ తోశాను. కదల్లేదు. ఇక లేవాలి. నాలుగు అంతస్తులు దిగి, కింద నుంచి స్ప్రింగు తీగ పైకి తోసి, అది వైరుకి తగిలిందో లేదో చూడ్డానికి మళ్ళీ పైకి రావాలి. తగలకపోతే మళ్ళీ కిందికి. మోకాళ్ళు అప్పుడే వద్దంటున్నాయి. గోడకి తల ఆనించి కాసేపు అలాగే కూచున్నాను. కళ్ళు మూతలు పడుతున్నాయి. చెయ్యి దానంతటదే వైరుని రెండుసార్లు గుంజింది. అలవాటు, అంతకన్నా ఏం లేదు.

అటునుంచి రెండుసార్లు గుంజారు.

మడత పడ్డ వైరు వదులైనప్పుడు ఒక్కోసారి అదురుతుంది. అదే అయ్యుంటుంది. మళ్ళీ రెండుసార్లు గుంజాను. ఈసారి మెల్లిగా, ఇష్టం లేకుండా.

కాస్త ఆగి… రెండుసార్లు.

పైపు నోటి దగ్గర మొహం పెట్టాను. "పొట్టీ…" అన్నాను, నాకే వినబడనంత మెల్లిగా. పిల్లాడు లేస్తాడని అంత మెల్లిగా అన్నాననుకున్నాను. అది కాదు. జవాబు వస్తుందేమోనని భయం.

జవాబు రాలేదు. వైరు మాత్రం నా వేళ్ళ మధ్య నుంచి నెమ్మదిగా జారడం మొదలుపెట్టింది. పన్నెండు… పదమూడు…

అప్పుడే లేచి వచ్చేయాల్సింది. భయం వేసింది, కాదనను. కానీ, సిగ్గు విడిచి చెప్తున్నాను, భయం కన్నా ఎక్కువగా ప్రాణానికి హాయిగా అనిపించింది. నాలుగు నెలల తరవాత అవతల ఒక చెయ్యి ఉంది. మెట్లు దిగక్కర్లేదు. ఎవరైతేనేం అనుకున్నాను. వదులుతూ పోయాను.

ఇరవై. ఇరవై ఒకటి. ఇరవై రెండు.

కింద చుట్టి పెట్టుకోవడానికి ఒకటి రెండు మీటర్లు ఎక్కువ ఇస్తాం. ఇరవై నాలుగు దగ్గర వైరుని ఒడిసి పట్టి ఒక్కసారి గట్టిగా గుంజాను. ఒక్కసారి అంటే చాలు అని.

ఆగలేదు.

ఇరవై అయిదు… ముప్ఫై… పట్టు బిగించాను. అరచేతిలో చర్మం భగ్గుమంది. ఆ లాగుడులో తొందర లేదు. కోపం లేదు. ఒక చెయ్యి తరవాత ఒక చెయ్యి వేస్తూ ఎవరో తీరిగ్గా తోడుకుంటున్నట్టుంది. ఒక లాగు… ఒక ఆగు… ఒక లాగు… చుట్ట నేల మీద గిరగిరా తిరుగుతోంది. యాభై. అరవై నాలుగు. పొట్టి ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా నేను వదలకుండా లాగలేదు. చాలంటే ఆగని రోజు లేదు.

అవతల ఉన్నది పొట్టి కాదు.

తొట్టి వైపు చూశాను. అంత చప్పుడుకీ పిల్లాడు కదల్లేదు. స్పూను పడితే లేచే పిల్లాడు. పొట్ట మాత్రం ఆడుతోంది. వైరు లాగినప్పుడు పైకి… ఆగినప్పుడు కిందికి…

నూట ముప్ఫై ఏడు దగ్గర ఆగిపోయింది.

గది నిండా సున్నం వాసన. ఏం చేయాలో తోచనప్పుడు చేతులు తమకి తెలిసిన పనే చేస్తాయి. వైరు కోశాను. కొసకి పిన్ను బిగించాను. కొత్త మోడెంలో గుచ్చి స్విచ్చు వేశాను. కింది కొస పెట్టెలో కలిపేదాకా మోడెం మీద ఎర్ర దీపమే వెలగాలి. ఏ ఇంట్లోనైనా అంతే. ఎర్రగా వెలిగింది. రెండు క్షణాలు. తరవాత పచ్చగా మారింది.

నేనింకా కిందికి వెళ్ళనే లేదు.

అలికిడికి ఇంటావిడ తొంగి చూసింది. పచ్చ దీపం చూసి మొహం విప్పారింది. రౌటర్ని హాల్లో అలమర మీద, చుట్టూ ఖాళీ ఉండేలా పెట్టాను. పేరూ పాస్‌వర్డూ ఆవిడే పెట్టుకుంది. ఫోనులో స్పీడు చూపించే ముల్లు తిరిగి తిరిగి వంద దగ్గర నిలబడింది. రెండోసారి చూసింది, వందే. మూడోసారి చూసింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కింద ఒకసారి చూసి వస్తానమ్మా అని చెప్పి బయటపడ్డాను.

మెట్ల కింద గదిలో బల్బు కాసేపు కొట్టుకుని వెలిగింది. పెట్టె తెరిచాను. ఆ ఇంటి నంబరు రాసిన రంధ్రం ఖాళీగా ఉంది, దుమ్ము పడకుండా పెట్టే మూత కూడా తీసినట్టు లేదు. పక్క గోడలో పైపుల నోళ్ళు వరసగా ఉన్నాయి. నాలుగో అంతస్తుది వెతికాను. దాన్ని ఎవరో ఎప్పుడో సిమెంటు పెట్టి మూసేశారు. గోడతో పాటు దాని మీద కూడా రంగు వేసేశారు. ఆ రంగు పాతబడి బీటలు తీసింది.

వేలితో తట్టాను. రాయిలా ఉంది.

మళ్ళీ తట్టలేదు. లోపల్నుంచి తడతారేమోనని…

రెండోసారి ఆ మెట్లు ఎలా ఎక్కానో నాకు గుర్తు లేదు. రెండో అంతస్తులో కూచుని లేచాను. సంచీలోంచి కటింగ్ ప్లేయరు తీసి చేత్తో పట్టుకున్నాను. వైరు కోసేద్దాం. ఈ పైపు పనికిరాదు, బయటి గోడ మీద నుంచి వేయాలి, వేరేవాళ్ళు వస్తారు అని చెప్పేద్దాం. సంచీ పోతే పోయింది. పై మెట్టు దాకా ఆ మాట మీదే ఉన్నాను.

తలుపు తీసే ఉంది. ఆవిడ హాల్లో కూచుని పనిలో పడిపోయింది. హెడ్‌ఫోనులో అవతల ఎవరికో నిదానంగా, తడబడకుండా జవాబు చెప్తోంది. నన్ను చూసి బల్ల మీద కాగితం వైపు వేలు చూపించింది. సంతకం అప్పటికే పెట్టేసింది. పిల్లాడి గది తలుపు ఓరగా ఉంది. లోపల చీకట్లో చిన్న పచ్చ దీపం. గడియారంలో నాలుగుంపావు.

నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. అంత అలసిపోయినవాడికి ఏది తప్పో ఏది ఒప్పో అంత స్పష్టంగా కనబడదు. లైను నడుస్తోంది. ఆవిడ పని నడుస్తోంది. పిల్లాడు నిద్రపోతున్నాడు. ఇంకేం కావాలి అనుకున్నాను. కటింగ్ ప్లేయరు సంచీలో వేసి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, చప్పుడు కాకుండా తలుపు దగ్గరకి వేసి వచ్చేశాను.

సంచీ నా దగ్గరే ఉంది. సూపర్‌వైజరు భుజం తట్టాడు. ఒక్కడివే చేశావా అని అడిగాడు. ఒక్కణ్ణే అన్నాను. ఆ తరవాతి ఇళ్ళలో వైరు ఇరుక్కుంటే నోరు మూసుకుని మెట్లు దిగుతున్నాను. గుంజి చూడ్డం మానేశాను.

ఇది జరిగి ఇరవై రోజులైంది. నిన్న మధ్యాహ్నం ఆవిడ ఫోన్ చేసింది. లైను బాగుందట, ఒక్కసారి కూడా ఆగలేదట. ఒక చిన్న సంగతి అడగాలట. గొంతు అదే గుసగుస.

"ఆ గోడలోంచి వైరు బయటికొస్తోంది బాబాయ్. రోజూ కొంచెం కొంచెం. అవతల్నుంచి ఎవరో వదులుతున్నట్టు… చుట్టి తొట్టి కింద పెడుతున్నాను."

మోడెంకి పెట్టిన వైరేనా అని అడిగాను.

"అది కాదండీ. మీది నల్లది కదా. ఇది తెల్లగా ఉంది. మెత్తగా… పట్టుకుంటే వెచ్చగా ఉంటుంది."

దాన్ని ముట్టుకోవద్దన్నాను. పిల్లాణ్ణి తీసుకుని గదిలోంచి బయటికి రమ్మన్నాను. ఇప్పుడే బయల్దేరుతున్నాను, వచ్చి కోసేస్తానన్నాను. పిల్లాడి ఊపిరి ఫోనుకి దగ్గరగా వినబడుతోంది.

"కొయ్యొద్దు బాబాయ్," అంది ఆవిడ. "వాడు దాన్ని పట్టుకుంటేనే పడుకుంటున్నాడు. ఇన్నాళ్ళకి నేనూ పడుకుంటున్నాను. ఇంకా ఎంత వస్తుందో చెప్పండి, చాలు."