రెండు వందల మీటర్లు నైరుతికి

తెర మీద బండి సరిగ్గా హెలికాప్టర్ కిందే ఉంది. కిందికి తొంగి చూస్తే ఎర్రటి ఇసుక తప్ప ఏమీ లేదు.

వెర్నా హాడో కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది. ప్రభుత్వ ఏజెంటుగా ఇరవై తొమ్మిదేళ్లు. ఇదే ఆఖరి మిషన్ అని రాజధాని కాన్‌బెర్రాలో ఇప్పటికి మూడుసార్లు చెప్పారు.

బండిలో ముగ్గురు మనుషులు. ఇద్దరు గార్డులు, మూడోవాడు కెస్లర్, శత్రుదేశం నుంచి పారిపోయి వచ్చిన క్షిపణి ఇంజినీరు. రాళ్లు ఏరుకునే టూరిస్టుల వేషంలో ఎడారి దాటి మధ్యాహ్నానికి ఎయిర్‌స్ట్రిప్ చేరాలి. రేడియో వాడకూడదని ఆజ్ఞ. బండిలోని జీపీఎస్ పది నిమిషాలకొకసారి పంపే చుక్క ఒక్కటే ఆనవాలు. ఇప్పుడు మూడున్నర. నలభై ఏడు డిగ్రీల ఎండ.

"దొంగ సంకేతం" అంది వెర్నా. "ఎవరో బండిలో ట్రాన్స్‌మిటర్ పెట్టారు. బండిలో ఉన్నవాళ్ల తెర మీద దారి సరిగ్గానే కనిపిస్తుంది. బండి మాత్రం ఇంకెటో పోతుంది."

ఇక్కడ దారి తప్పించడమంటే చంపడమే. తూటా ఖర్చు కూడా ఉండదు.

ఇంధనం నలభై నిమిషాలకే ఉందని, ఈ ఎడారిలో వెతకడం మొదలుపెడితే మన కోసం ఇంకో హెలికాప్టర్ రావాలని పైలట్ జారడ్ నెమ్మదిగా గొణిగాడు. వెనక సీట్లో క్లారీ పెండ్రిక్ మోకాళ్ల మీద పరుచుకున్న కాగితం మ్యాపునే చూస్తున్నాడు. డెబ్బై నాలుగేళ్ల సర్వేయరు. ఈ ఎడారికి మ్యాపు గీసింది అతనే, ఈ మిషన్‌కు దారి గీసింది అతనే. సైన్యంలో వెర్నాకు దిక్సూచి పట్టుకోవడం నేర్పింది కూడా అతనే.

వెర్నా పొద్దుటి నుంచి వచ్చిన చుక్కలన్నీ ఒకేసారి తెర మీదికి తెప్పించింది. ఒక్కటీ బండి వెళ్లాల్సిన బాట మీద లేదు. చెల్లాచెదురుగానూ లేవు. ప్రతి చుక్కా బాటకు రెండు వందల మీటర్లు నైరుతికే పడింది.

ఈ దేశంలో పాత మ్యాపులు ఒక కొలత మీద గీశారు; ఉపగ్రహాలు వచ్చాక, తొంభైల్లో, ఆ కొలత మార్చారు. పాత మ్యాపులోని అక్షాంశ రేఖాంశాల అంకెల్ని మార్చకుండా కొత్త యంత్రంలో పెడితే, ప్రతి చోటూ రెండు వందల మీటర్లు నైరుతికి జరుగుతుంది. శత్రుదేశంలో ఏ కుర్ర సాంకేతికుడూ ఈ పొరపాటు చేయడు. వాళ్లు పాత మ్యాపు ముఖమే చూసి ఉండరు.

"క్లారీ, మీ మ్యాపు ఏ సంవత్సరంది?"

"నీకు తెలుసుగా, అమ్మాయ్."

"మీరే చెప్పండి."

"డెబ్బై తొమ్మిది."

జారడ్ వెనక్కి తిరగబోయి ఆగిపోయాడు.

"బండి ఎక్కడ?" అంది వెర్నా. తుపాకీ తీయలేదు. తీసే ఓపిక కూడా లేదు.

క్లారీ వేలు మ్యాపు మీద కదిలింది. తూర్పున ఉప్పు సరస్సు, దాని నడిబొడ్డు.

వాళ్లు చేరేసరికి బండి ఇరుసుల దాకా ఉప్పు బురదలో దిగిపోయి ఉంది. దాని నీడలో ముగ్గురూ పడి ఉన్నారు. రెండు రోజులకు నింపిన నీళ్ల ట్యాంకు ఎండిపోయింది. కెస్లర్ పెదాలు పగిలి మాట రావడం లేదు, నాడి మాత్రం ఆడుతోంది. జారడ్ ముగ్గురికీ నీళ్లు చుక్కచుక్కగా పోశాడు. ఇంకో గంట ఆలస్యమై ఉంటే ఆ నీళ్లు తాగడానికి ఎవరూ మిగిలేవారు కాదు.

క్లారీ దిగలేదు. వెర్నా అడక్కుండానే మొదలుపెట్టాడు.

"ట్రాన్స్‌మిటర్‌లో అంకెలు పెట్టింది, ట్యాంకు మర వదులు చేసింది నేనే, అమ్మాయ్. దాన్ని తెచ్చిచ్చిన సోలాంజ్ అనే పిల్ల శత్రుదేశం మనిషని నాకు మొదటి రోజే తెలుసు. మన ఆఫీసువాళ్లు మ్యాపుల గది ఖాళీ చేసి, నా మ్యాపులన్నీ చెత్తబండిలో వేసిన వారమే వచ్చింది. నాలుగు గంటలు కూర్చుని నా మ్యాపుల గురించి అడిగింది. ముప్పై ఏళ్లలో మీరెవరూ అడగలేదు. పొద్దున ఈ ముగ్గురికీ ఒక మ్యాపు ఇవ్వబోయాను. విప్పి చూస్తే బతుకుతారు, చూద్దామనుకున్నా. తెర ఉందిగా తాతా అని నవ్వారు. ఆ రెండు వందల మీటర్ల సంగతి నేను మరిచిపోలేదు. సరిచేద్దామని పెన్సిలు పట్టుకుని కూర్చున్నా కూడా. ఒక్కో అంకె కోసం ఎన్ని రోజులు నడిచానో... మార్చడానికి చెయ్యి రాలేదు. ముగ్గురు మనుషుల్ని చంపడానికి మాత్రం వచ్చింది."