పన్నెండో మాట

రేడియో ఇంజనీరు టీ కప్పు కింద పెట్టేలోపే బుల్లెట్ దిగింది. పిస్టల్‌కి సైలెన్సర్ ఉంది. పక్కింట్లో దగ్గినంత చప్పుడు కూడా కాలేదు. బల్ల మీదున్న కోడ్ మెషీన్ డ్రాయింగ్సు మాయమయ్యాయి. వచ్చిన మనిషి అంతా పక్కాగా చేసినా, బల్ల కిందకి వంగి చూడలేదు. అక్కడ బంతి పట్టుకుని ఇంజనీరు కూతురు కూర్చుని ఉంది. దానికి మూడున్నరేళ్లు. తల్లి లేదు. ఇప్పుడు తండ్రీ లేడు.

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి చీఫ్ గది తలుపులు మూసుకున్నాయి.

"సాక్షి ఒక్కతే," అన్నాడు చీఫ్. "ఆ సాక్షికి మాటలు రావు. ఏమంటావు బల్లీ?"

"పిల్ల ముందు ఆ పేరు వద్దు సార్," అన్నాడు ఏజెంటు. ఒకసారి శత్రువుల మీటింగ్ హాల్లో ఆరు గంటలు పైకప్పుకి అతుక్కుని విన్నందుకు డిపార్ట్‌మెంటు అతనికి ఇచ్చిన బిరుదు అది. మెడల్ ఇస్తారనుకున్నాడు పాపం.

కార్పెట్ మీద బంతి దొర్లించుకుంటున్న పిల్ల తలెత్తి అతన్ని చూసింది.

"మాటలు రావని ఎవరన్నారు?" మూలనున్న కుర్చీలోంచి డాక్టరమ్మ గొంతు ఖంగుమంది. పిల్లలకి మాట ఎలా వస్తుందో, చదువు ఎలా అబ్బుతుందో తేల్చడానికి ముప్పయ్యేళ్లుగా ల్యాబ్‌లోనే జుట్టు నెరిపించుకున్న మనిషి. "వాళ్ల నాన్న వారం వారం మా దగ్గరికి తీసుకొచ్చేవాడు. మాట ఆలస్యం, అంతే. నోటితో అనేవి పదకొండు. పాలు, బంతి, నాన్న, వద్దు... అన్నీ నా రిజిస్టర్లో ఉన్నాయి. అర్థమయ్యేవి మాత్రం వందలు. రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి పిల్లి ఏదంటే పిల్లి వైపే చూస్తుంది. కెమెరా ఆ చూపుని పట్టేస్తుంది."

చీఫ్ నాలుగు ఫొటోలు బల్ల మీద పరిచాడు. "ఈ నెలలో ఇంజనీరు ఇంటికెళ్లిన నలుగురు. వీళ్లలో ఒకడు విదేశీ ముఠా మనిషి. సాయంత్రానికి డ్రాయింగ్సు సరిహద్దు దాటిపోతాయి. పిల్ల ఎవరి వైపు చూస్తుందో తేల్చాలి. ఇంకోటి. అది చూసిందని ముఠాకి తెలిస్తే ప్రాణాలతో ఉంచరు. నువ్వు మేనమామ వేషంలో వెళ్తున్నావు. పిల్లకి చీమ కుట్టినా నీదే బాధ్యత."

"ఒక రూలుంది బాబూ," అంది డాక్టరమ్మ. "పిల్లని ఒళ్లో పెట్టుకున్నవాళ్లు బొమ్మలు చూడకూడదు, ప్రశ్న వినకూడదు. తెలిస్తే ఒళ్లు కదులుతుంది, పిల్ల దాన్నిబట్టి చూస్తుంది. అందుకని కళ్లకి నల్ల గాగుల్స్, చెవులకి పాట. బొమ్మలు నేనూ చూడను. పైగదిలో కూర్చుని, స్క్రీన్ మీద కళ్లు మాత్రం చూసి రాసుకుంటాను. మధ్యలో గాగుల్స్ తీశారో, సెషన్ మొత్తం బూడిదలో పోసినట్టే. దిగొచ్చి మరీ తిడతాను. మంత్రిగారినే వదల్లేదు."

"కళ్లూ చెవులూ మూసేస్తే ఇంకా గూఢచారిని ఎందుకు సార్?"

"ఒళ్లు కావాలి కదయ్యా," అన్నాడు చీఫ్.

ల్యాబ్‌లో అసిస్టెంటు ఎదురొచ్చింది. తెల్లకోటు, చెవులకి ముత్యాలు. ఆ నవ్వు చూస్తే ఏ మగాడైనా అడగని రహస్యాలు కూడా చెప్పేస్తాడు. ఉద్యోగంలో చేరి రెండు నెలలట.

"రా బుజ్జీ," అని చేతులు చాపింది.

పిల్ల ఏజెంటు కాలి వెనక్కి దూరింది. "వద్దు," అంది.

"సిగ్గండీ," అని సర్దిచెప్పాడు మేనమామ.

బూత్ పీరువా కంటే కాస్త పెద్దది. గోడలన్నీ నురుగు దిండ్లే. తలుపు జానెడు మందం, చుట్టూ రబ్బరు. ఎదురుగా స్క్రీను, దాని పైన చిన్న కెమెరా, పక్కన నల్లటి అద్దం. తలుపు మూసుకోగానే వాచీలోని రేడియో చచ్చిపోయింది. మడమలో కత్తి, లైటర్లో కెమెరా ఉండి ఏం లాభం? గాగుల్స్ పెట్టుకున్నాడు. చెవుల్లో పాట మొదలైంది. లోకం పోయింది. మిగిలిందల్లా ఒళ్లో పిల్ల బరువు.

కాసేపటికి ఆ బరువు బిగుసుకుంది. చిన్న గుప్పిళ్లు అతని చొక్కాని లాగుతున్నాయి. చీకటంటే భయమేమో అనుకున్నాడు.

పాట ఆగింది. చెవుల్లో అసిస్టెంటు గొంతు.

"ఫొటోలు వేయలేదు మేనమామా. అనవసరం. అది చూసింది నన్ను."

ఏజెంటుకి అప్పుడు వెలిగింది. ఇంజనీరు వారం వారం ఈ ల్యాబ్‌కి తన కాళ్లతో తనే వచ్చి హంతకురాలితో స్నేహం చేశాడన్నమాట! చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు నలుగురి ఫొటోలు పట్టుకు తిరిగారు. వద్దు అని పిల్ల చెప్పింది. ఉన్న పదకొండు మాటల్లో సరైనది ఏరి మరీ చెప్పింది. సిగ్గన్నాడు వెధవ మేనమామ.

"గాగుల్స్ తీయి. నా మొహం చూస్తూ జవాబు చెప్పు."

తీశాడు. అద్దం అవతల లైటు వెలిగింది. ఒక చేతిలో పిస్టల్, రెండో చెయ్యి గ్యాస్ సిలిండర్ మీద. దాని గొట్టం బూత్‌లోకి గాలి వచ్చే కన్నంలోకి వెళ్తోంది.

"పిల్ల చూసిందని ఇంకెవరికి తెలుసు? పేర్లు చెప్తే పిల్లని వదిలేస్తా. కుర్చీలోంచి లేచావో, మొత్తం తిప్పేస్తా."

"పైన డాక్టరమ్మ చూస్తోంది."

"చూడనీ. ఆవిడకి కళ్లు తప్ప ఇంకేం కనపడదు, వినపడదు. కెమెరా ఆపితే అనుమానంతో దిగొస్తుంది. అందుకే ఆపలేదు. పిల్ల కళ్లు మూసుకుంటే నిద్రపోయిందనుకుంటుంది. రోజుకి ఇద్దరు నిద్రపోతారిక్కడ."

సుయ్‌మని గ్యాస్ మొదలైంది. తియ్యటి వాసన. పిల్ల దగ్గింది. ఏజెంటుకి భయమేసింది. ముప్పై మిషన్లలో తన ప్రాణానికి వేయని భయం ఈ గుప్పెడు పిల్లకోసం వేసింది.

అంతలో డాక్టరమ్మ రూలు గుర్తొచ్చింది.

పిల్ల తలని మెల్లగా తన గుండెకి హత్తుకున్నాడు. "కళ్లు మూసుకో తల్లీ. బంతి దాచినట్టు మొహం దాచేయి." స్క్రీను పైనున్న కెమెరా టిక్కుమంది. పిల్ల కళ్లు దొరక్క అటూ ఇటూ వెతికి, దొరికిన వేరే జత మీద ఆగింది. ఏజెంటు రెప్పవేయకుండా దానిలోకే చూశాడు. గాగుల్స్ లేని రెండు పెద్ద కళ్లు.

"పేర్లు!"

"చెప్తున్నా. మొదటివాడు... ఇస్త్రీ అంగడివాడు." లేనివాళ్లని ఒక్కొక్కర్నీ పుట్టించాడు. పాలవాడు. దంతవైద్యుడు. దంతవైద్యుడి బావమరిది. నాలుక మందమవుతోంది. స్క్రీను రెండుగా కనిపిస్తోంది. పిల్ల గుప్పిళ్లు చొక్కాని వదిలేశాయి. రా తల్లీ, దిగొచ్చి తిట్టు, నీ కాళ్లు మొక్కుతా అనుకున్నాడు.

అవతలి గది తలుపు దభేల్మంది.

"ఎవరు తీయమన్నారు గాగుల్స్?" డాక్టరమ్మ రిజిస్టరు ఊపుకుంటూ నేరుగా అసిస్టెంటు మీదికొచ్చింది. పిస్టల్ ఆవిడ కంటికి ఆనితేగా! "చెప్పానా లేదా? రెండు నెలల్నుంచీ చెప్తున్నానా లేదా? సెషన్ అంతా తగలేశావు కదే!"

అసిస్టెంటు అర క్షణం తడబడింది. పైగదిలోంచి మెట్లు దిగలేక దిగలేక ఆవిడ వెనకే ఆయాసపడుతూ వచ్చిన చీఫ్‌కి అది చాలు. పిస్టల్ నేల మీద పడింది. చేతులకి బేడీలు పడ్డాయి. కోటు లైనింగ్‌లో కుట్టిన డ్రాయింగ్సు బయటికొచ్చాయి.

బూత్ గడియ తీయగానే ఏజెంటు ముందు పిల్లని బయటికి అందించి, తరవాత తను పడ్డాడు. డాక్టరమ్మ కిటికీలన్నీ తెరిచింది. పిల్ల కదల్లేదు. ఏజెంటు నేల మీద పాక్కుంటూ వెళ్లి దాన్ని భుజాన వేసుకుని వీపు నిమిరాడు. ఒకసారి. రెండోసారి. మూడోసారికి దగ్గింది.

కళ్లు తెరిచి అతని చెంప ముట్టుకుంది.

"బల్లి," అంది.

డాక్టరమ్మ జడలోంచి పెన్ను తీసి, రిజిస్టర్లో పన్నెండు అని అంకె వేసి, పక్కన ఆ మాట రాసుకుంది.

"గ్యాసు ఘాటు సార్," అని ఏజెంటు కళ్లు తుడుచుకున్నాడు.

"మాట లెక్కలోకి వస్తుంది," అంది డాక్టరమ్మ పెన్ను మూస్తూ. "సెషన్ మాత్రం చెల్లదు, గాగుల్స్ తీశారుగా. రేపు పదింటికి పిల్లని తీసుకుని మళ్లీ రండి, మేనమామగారూ."