ఇంగొంచెం

మునిచంద్రకు పొద్దున్నే రెండు లోటాల కాఫీ కలిపే అలవాటు ఇంకా పోలేదు. కలిపేశాక గుర్తొస్తుంది, భార్య పంకజాక్షి పోయి ఏడాది కావస్తోందని. పారబోయడానికి మనసొప్పక రెండోదీ తనే తాగేస్తాడు. ఆ ఆదివారం మాత్రం ఆ కాఫీకి మనిషి దొరికింది. చిత్తూరు నుంచి తొలి బస్సుకే కూతురు పల్లవి వచ్చింది.

"ఏం పాపా, చెప్పకుండా వచ్చినావు?"

"నిన్ను పిలుచుకొని పోదామని వచ్చినా నాయనా."

పల్లవి దోసెలు పోసి, ఊరిబిండి పచ్చడి నూరి పెట్టింది. వేడివేడిగా ఇంకొకరి చేతి తిండి తిని ఎన్నాళ్ళయిందో, మునిచంద్ర తలెత్తకుండా తిన్నాడు. చెయ్యి కడుక్కునేదాకా ఆగి, పల్లవి అసలు సంగతి తీసింది.

"భారతమ్మత్త ఫోన్ చేసింది. మీ నాయన దిండుకు మీ అమ్మ చీర తొడిగి, దాంతో మాట్లాడతా ఉండాడు, వచ్చి సూసుకో అనింది."

ఎదురింటి భారతమ్మకు ఈ ఇంటి కిటికీ తెరిచి ఉంటే టీవీ అక్కర్లేదు. అయితే ఆవిడ చెప్పిందాంట్లో అబద్ధం లేదు.

మునిచంద్ర వయసులో ఉండగా ఒసాకాలో హోటల్లో వంట చేశాడు. అక్కడ పక్కింటి ముసలాయన దగ్గర షియాత్సు నేర్చుకున్నాడు. బొటనవేళ్ళతో ఒంటిని ఒత్తి నొప్పి తీసే జపాను వైద్యం అది. తిరుపతికి తిరిగొచ్చాక, "అంత దూరం పోయి కాళ్ళు పట్టేది నేర్చుకొచ్చినాడు" అని బంధువులు నవ్వారు. చివరికి ఆ విద్యను కోరి అడిగినవాళ్ళు పోర్చుగల్లోనూ పోలండ్‌లోనూ ఉన్న మర్దన వైద్యులు. ఆదివారం మధ్యాహ్నాలు వాళ్ళకు వీడియో కాల్‌లో పాఠం చెప్పడానికి ఫోన్ ఎదురుగా చాప పరిచేవాడు. పంకజాక్షి పడుకునేది. ఆవిడ వీపే వాళ్ళకు బ్లాక్‌బోర్డు.

ఆవిడ పోయాక ఆ చోటికి పొడుగాటి దిండు వచ్చింది. తెల్ల గుడ్డ మీద వేళ్ళు సరిగ్గా కనబడటం లేదని శిష్యులంటే, పంకజాక్షి గళ్ళ చీర కత్తిరించి గలీబు కుట్టాడు. కనబడటానికే కుట్టానని తనకు తాను చెప్పుకున్నాడు.

"దిండుతో ఏం మాట్లాడతావు నాయనా?"

"నొప్పా అని అడుగుతాను. అడక్కుండా ఒత్తకూడదు."

"దిండు ఏమంటాది?"

మునిచంద్ర లోటా లోపలికి చూస్తూ కూర్చున్నాడు.

"ఈ పాఠాలు సాలించు నాయనా. మా ఇంట్లో మాటకు మనిషి ఉంటారు. ముక్కూ మొగం తెలీనోళ్ళ కోసం ఈడ ఒక్కడివే ఏల ఉండాల?"

"మీ అమ్మను వారం వారం సూసింది ఆ ముక్కూ మొగం తెలీనోళ్ళే. నువ్వు ఉగాదికొకసారి, చవితికొకసారి సూసినావు."

అనేశాక నాలుక కరుచుకున్నాడు. పల్లవి లోపలికి పోయి అలమర తెరిచింది. ఆయన చొక్కాలు ఒక్కొక్కటే సంచిలో పెడుతూ ఏడ్చింది. ఆ ఏడుపు వింటూ గుమ్మంలో నిలబడ్డ మునిచంద్రకు ఇంక వాదించే ఓపిక లేకపోయింది.

"సరే పాపా, ఈ పొద్దుతో ఆఖరు. కాళ్ళ పాఠం ఒకటి మిగిలిపోయింది. దిండుకు కాళ్ళు లేవు. నువ్వు పడుకుంటావా?"

"నువ్వు నా కాళ్ళు ముట్టుకుంటే నాకు పాపం తగలదా?"

"పెండ్లిపీటల మీద నీ మొగుని కాళ్ళు కడిగినానే. ఆయప్ప నాకన్నా పెద్దోడా? అప్పుడు తగల్లేదా?"

పల్లవి సంచి పక్కనబెట్టి చాప తెచ్చింది.

మధ్యాహ్నం ఫోన్‌లో ఒక్కొక్క గదీ వెలిగింది. ప్రతి గదిలోనూ చాప మీద ఒక మనిషి, పక్కన ఒక మనిషి. పల్లవి అమ్మ చోట బోర్లా పడుకుని, గళ్ళ దిండు తల కింద పెట్టుకుంది. ఆయన పాదం అందుకోగానే చటుక్కున వెనక్కి లాక్కుంది. ఆయన మళ్ళీ అందుకున్నాడు. వచ్చీరాని ఇంగ్లీషులో నాలుగు ముక్కలు చెప్పి, అరికాలి మీద వేలు ఆనించి, "నొప్పా?" అన్నాడు.

"నొప్పా?" అంది ఫోన్‌లో ఒక గొంతు. "నొప్పా?" అంది ఇంకొకటి.

పల్లవి తలెత్తింది. "వీళ్ళకు తెలుగు యాడ వచ్చింది నాయనా?"

"తెలుగని వాళ్ళకేం తెలుసు? ఒత్తేముందు అనాల్సిన జపాను మాట అనుకుంటా ఉండారు. సరిదిద్దుదామంటే మీ అమ్మ నవ్వి, పోనీలే అనింది."

అప్పుడు పోలండ్ గదిలో పడుకున్నావిడ కళ్ళు మూసుకునే బదులిచ్చింది.

"ఇంగొంచెం."

పల్లవి పాదం ఆయన చేతుల్లో బిగుసుకుపోయింది. అది అమ్మ మాట. ఎంత ఒత్తినా అమ్మ అనేది అదొక్కటే. చివర కాస్త సాగదీసేది కూడా, అచ్చం అట్లాగే. పక్క గదిలోంచి ఇంకెవరో అన్నారు. ఆ పక్క గదిలోంచి ఇంకొకరు.

"దిండు పలకదు పాపా," అన్నాడు మునిచంద్ర నెమ్మదిగా. "వీళ్ళు పలుకుతారు. వారానికొకసారి మీ అమ్మ మాట ఇంట్లో వినపడతాది. అది వదులుకొని ఆడికొచ్చి ఏం చేసేది?"

పల్లవి ముఖం గళ్ళ చీరలో దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. మునిచంద్ర వేలు ఆపేశాడు. పాఠంలో అది కూడా భాగమేమోనని ఫోన్‌లో వాళ్ళందరూ వేళ్ళు ఆపి ఓపిగ్గా కూర్చున్నారు.

"నువ్వు యాడికీ రావద్దులే," అంది పల్లవి చివరికి, ముఖం తుడుచుకుంటూ. "ఆదివారాలు నేనే వస్తా."

మునిచంద్ర కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పాదం పట్టుకుని, వేలు ఆనించి అడిగాడు.

"నొప్పా?"

"ఇంగొంచెం, నాయనా."

ఫోన్‌లో వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గురువుగారు కొత్తది నేర్పారనుకుని, ఒక్కొక్కరే జాగ్రత్తగా పలికారు.

"ఇంగొంచెం, నాయనా."

మునిచంద్ర సరిదిద్దలేదు.